నాలుగు ముళ్ళ గడియారంలో చోటులేని అరగంట

ముందుగా నేను అనుభవించిన అన్యాయాల పట్టిక. నా దినచర్య పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు ఎత్తి రాస్తున్నాను.

జూన్ 10, మంగళవారం: చేతిగడియారానికి ఆర్డరు పెట్టబడినది. బొమ్మలో అది అప్పచ్చి అంత కనిపించినది. "ప్రపంచమంతా మీ మణికట్టు మీద" అని కింద రాసి ఉన్నది.

జూన్ 19, గురువారం: వస్తువు చేరినట్లు సందేశం వచ్చినది. చేరినది మార్కాపురంలో ఉన్న నాకు కాదు, గిద్దలూరులో ఒక అత్తగారింటికి. ఆ అత్తగారు నాకు అత్తగారు కూడా కాదు. (ఇందులో అమ్మకందారు తప్పేమీ లేదు. వరుస చెడరాదని చేర్చినాను.)

జూన్ 21, శనివారం: గిద్దలూరు ప్రయాణం. కంభం దాటినాక బస్సు ఆగిపోయినది. గంటా పది నిమిషాలు ఎండలో నిలబడినాను.

జూన్ 23, సోమవారం: గడియారంలో అరగంట లేదని కనుగొనబడినది.

జూన్ 24 నుంచి జూలై 15 వరకు: అమ్మకందారుకు పదకొండు సందేశాలు పంపినాను. జవాబులు పదకొండు వచ్చినవి. పదకొండూ ఒకటే. చివరిదానికి మాత్రం నవ్వుతున్న మొహం బొమ్మ అదనం.

ఆగస్టు 1, శుక్రవారం, ఉదయం: నా మాట మీద రాహుకాలంలో కొబ్బరికాయ కొట్టబడినది.

అదే రోజు, మధ్యాహ్నం: నా బల్ల మీది నుంచి ఫోను తీసుకుపోబడినది.

ఒక చవక గడియారం కొన్న మనిషికి ఇంత గోడు ఏమిటని పాఠకులు అడగవచ్చు. అడిగే హక్కు వారికి ఉంది. కనుక మొదటి నుంచి చెబుతాను.

మార్కాపురం శివారులో ఒక పలకల యార్డులో నేను నలభై ఏళ్ళకు పైగా గుమాస్తాను. నేను చేరిన రోజుల్లో మేము బడిపిల్లల పలకలు చేసేవాళ్ళం. రాయిని పల్చగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది పంపేవాళ్ళం. పిల్లలు నోటుపుస్తకాలకు మారినారు. పెద్ద యజమాని కాలం చేసినారు. ఆయన కుమారుడు అదే రాయిని గోడలకూ గచ్చుకూ వేసే బిళ్ళలుగా కోయించి ఓడల మీద పంపడం మొదలుపెట్టినాడు. మాకు ఎప్పటి నుంచో ఉన్న కొనుగోలుదారులు ఇద్దరు: ఒకరిది జర్మనీ, ఇంకొకరిది ఆస్ట్రేలియా. ఆ ఇద్దరితో ఉత్తరప్రత్యుత్తరాలు నావి. ఉత్తరానికి ఒక గొప్ప గుణం ఉంది, అది ఎవరినీ నిద్రలేపదు. ఫోను వచ్చిన తరువాతనే నాకు భూమి గుండ్రంగా ఉన్నదన్న సంగతి బాధ కలిగించడం మొదలుపెట్టింది.

మా యార్డులో ఒక ఆచారం ఉంది. దసరాకు ఆయుధపూజ నాడు ఉలి, సుత్తి, కోత యంత్రం బ్లేడు, లెక్కల పుస్తకం, అన్నీ తుడిచి పసుపు కుంకుమలు పెట్టి పొడవాటి పీట మీద వరుసగా ఉంచుతాం. పూజ అయినాక ఎవరి పనిముట్టు వారు తీసుకొని కళ్ళకు అద్దుకుంటారు. ఎవరు ఏది తీసుకుంటే మళ్ళీ దసరా దాకా ఆ పని వారిది. పీట మీద తీసుకోవడానికి ఏమీ లేనివారికి కొత్త పంచె, ఒక పొట్లం పులిహోర ఇచ్చి ఇంటికి పంపుతారు. అది అవమానం కాదు. అందరూ నమస్కారం కూడా పెడతారు. కానీ ఆ పులిహోర తిన్నవాడు తిరిగి యార్డులోకి వస్తే చుట్టంగానే వస్తాడు. నేను ఆ పీట మీద నుంచి మొదట కలం తీసుకున్నాను, తరువాత టైపుమిషను వంతు వచ్చింది, గత కొన్నేళ్ళుగా ఫోను తీసుకుంటున్నాను. లెక్కల పుస్తకం ఎప్పుడో కంప్యూటరులోకి పోయి ఇంకొకరిదైంది. ఫోను కూడా పోతే నాకు మిగిలేది పులిహోర.

ఇక జూన్ 3. ఆ తేదీ పై పట్టికలో లేదు. ఎందుకంటే అది నాకు జరిగిన అన్యాయం కాదు, నేను చేసిన పొరపాటు. పొరపాట్లకు నా దగ్గర వేరే పుస్తకం ఉంది. చిన్నది. ఆ రోజు ఉదయం ఏడు గంటలకు జర్మనీ వారికి ఫోను చేసినాను. ఎండాకాలంలో వారు మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటారు. నేను తీసివేయవలసినది కలిపినాను. నా లెక్కలో అక్కడ పదిన్నర. నిజానికి మూడున్నర, తెల్లవారుజాము. ఆయన ఒక్క మాట అన్నాడు. జర్మన్ మాట. వినిపించినట్లే తెలుగు లిపిలో రాసుకున్నాను. దాని అర్థం తరువాత తెలిసింది. ఇక్కడ రాయను.

మరుసటి రోజు యజమాని నా బల్ల దగ్గరకు వచ్చినాడు. అతణ్ణి నేను లాగు తొడుక్కునే వయసు నుంచి ఎరుగుదును. నన్ను పెద్దనాయన అంటాడు.

"పెద్దనాయనా, జర్మనీవోడు మెయిల్ పెట్టినాడు. మూడున్నరకు లేపి, ఆరోగ్యం ఎట్లుందని అడిగినావంట?"

"మర్యాదకు అడిగినాను నాయనా."

"నువ్వు అడిగేదాంక బాగనే ఉన్నిందంట. ఇంగ ఫోన్ నేను చూసుకుంటాలే. నువ్వు చల్లగ నీడపట్టున కూర్చో."

నీడపట్టున అన్న మాటలో పులిహోర వాసన వచ్చింది. నేను దసరా దాకా గడువు అడిగినాను. వేళ విషయంలో ఇంకొక్క తప్పు జరిగితే పీట మీద ఫోనును ముట్టనని మాట ఇచ్చినాను. ఆ మాటను కాగితం మీద పెట్టి సంతకం చేసి ఇచ్చినాను కూడా. అతడు దానిని చదవకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ఆయన దుకాణానికి పోయినాను. ఒకేసారి రెండు మూడు దేశాల వేళ చూపే చేతిగడియారం ఉందా అని అడిగినాను. ఆయన కంటి భూతద్దం తీయకుండానే నన్ను చూసినాడు. ఆ అద్దంలో నేను ఎంత కనిపించినానో తెలియదు.

"నాలుగు ముళ్ళది గావాల పెద్దాయనా. గంటలకు రెండు, నిమిషాలకొకటి, సెకండ్లకొకటి. పెద్ద కంపెనీలది కొంటే మీ పొలం పోతది. చైనాది ఫోన్లో దొరుకుద్ది, నాలుగు వేల లోపు. మిషను బాగనే ఉంటది."

నాకు అలా కొనడం తెలియదు. మా కోత యంత్రాల మేస్త్రీకి తెలుసు. నలభై ఏళ్ళ మనిషి, నన్ను మామా అంటాడు, నేను అతణ్ణి అల్లుడూ అంటాను. మతాలు వేరైనా ఈ వరుస మా యార్డులో ముప్పై ఏళ్ళనాటిది, అతడి తండ్రి నన్ను బావా అనేవాడు.

"ఫోన్లోనే అన్ని దేశాల టైమూ చూపిస్తది గద మామా, మళ్ళ వాచీ ఏంది?"

"మాట్లాడేటప్పుడు ఫోను చెవి దగ్గర ఉంటుంది. చెవితో వేళ చూడటం నాకు రాదు అల్లుడూ."

అతడు నవ్వి తన ఫోనులోనే ఆర్డరు పెట్టినాడు. ఆ ఫోనులో ముందే దాచి ఉన్న చిరునామా గిద్దలూరులో అతడి అత్తగారిది. ఆ సంగతి మా ఇద్దరికీ జూన్ 19న తెలిసింది. ఆమె గడప దగ్గర నాకు టీ ఇచ్చి, పొట్లం ఇచ్చి, "మా అల్లునికి నేను గుర్తొచ్చేది ఇట్లాటి పనులకేనని చెప్పన్నా" అన్నది. చెప్పినాను.

గడియారం సంగతి నిజాయితీగా రాయాలి. అది అందంగా ఉంది. ముఖం నలుపు, దాని అంచున సన్నగా ఇరవైనాలుగు అంకెలు. చుట్టూ అవే అంకెలతో ఒక చక్రం, సగం నీలం, సగం ఎరుపు, వేలితో తిప్పితే టక్కున అడుగు వేస్తుంది. నాలుగో ముల్లు ఎర్రది, కొసన చిన్న త్రికోణం. రోజుకు ఒక్కసారే చుట్టు తిరుగుతుంది, నా వయసు మనిషి నడకలాగా. మామూలు ముళ్ళు మన వేళ చూపుతాయి. ఎర్ర ముల్లు లోపలి అంకెల మీద జర్మనీ వేళ, తిప్పిన చక్రం మీద ఆస్ట్రేలియా వేళ. లోపల బ్యాటరీ, కీ ఇచ్చే పని లేదు. తరువాత వారం రోజులు రేడియో వార్తల గంటతో సరిచూసినాను. సెకను కూడా తప్పలేదు. దాని నడక మీద నాకు ఫిర్యాదు లేదు.

మా ఇంటావిడ ముళ్ళు లెక్కపెట్టింది.

"మూడు ముళ్ళు వేసినోడివి, వాటి బాగోగులే సరిగ్గ చూడలేదు. నాలుగు ముళ్ళు నీకెందుకయ్యా?"

గడియారం తెచ్చిన మూడో రోజు, సోమవారం ఉదయం సరిగ్గా పది గంటలకు ఎర్ర ముల్లును జర్మనీకి పెట్టబోయినాను. అక్కడ ఆరున్నర. గడియారం పక్కనున్న మరను ఒక్క మెట్టు తిప్పితే ముల్లు ఆరు మీదికి దూకింది. ఇంకొక మెట్టు తిప్పితే ఏడు మీదికి దూకింది. ఆరుకూ ఏడుకూ నడుమ అది నిలబడదు. చక్రాన్ని తిప్పి చూసినాను. అదీ అంతే, ఇరవైనాలుగు అడుగులు, ఇరవైనాలుగు గంటలు. వెంట వచ్చిన కాగితాన్ని భూతద్దం పెట్టి చదివినాను. రెండవ ముల్లు గంట చొప్పున మాత్రమే జరుగునని, చీమ కాలంత అక్షరాల్లో, పదమూడవ పంక్తిలో ఉంది. నేను తిరిగి బస్టాండుకు పోయినాను.

గడియారాల ఆయన దానిని తిప్పి తిప్పి చూసి, "దీనికి అరగంట తెలీదు పెద్దాయనా" అన్నాడు. "చేసినోళ్ళకు వాళ్ళ దేశమంతా నిండు గంటే. మనదేమో లండన్‌కు అయిదున్నర. ఆ అర ఎక్కడ పెట్టాలో దీనికి చోటు లేదు."

దేశమంతా, శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా, ఒక అరగంట మీద నిలబడి ఉంది. ఇంత జనం వాడుకునే అరగంటను వస్తువు చేసేటప్పుడు మరిచిపోవచ్చు. కానీ అదే వస్తువును మనకే అమ్మేటప్పుడు, బొమ్మ కింద ప్రపంచమంతా అని రాసేటప్పుడు ఎవరికైనా గుర్తుకు రావద్దా? నేపాలు వారికి మన అరగంట మీద ఇంకొక పావుగంట ఉన్నదని పుస్తకంలో చూసినాను. వారి బాధ తలచుకున్నాక నా బాధ కొంచెం తగ్గింది. తగ్గినంతలోనే అమ్మకందారుకు మొదటి సందేశం రాసినాను. "మీ అభిప్రాయం మాకు అమూల్యం, దయచేసి అయిదు నక్షత్రాలు ఇవ్వండి" అని జవాబు వచ్చింది. నేను అడిగింది అరగంట. వారు అడిగింది నక్షత్రాలు.

జవాబుల కోసం చేతులు ముడుచుకొని కూర్చునే అలవాటు నాకు లేదు. రెండు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టినాను. మామూలు ముళ్ళను అరగంట వెనక్కు పెట్టినాను. మనకు పది అయితే గడియారంలో తొమ్మిదిన్నర. ఇప్పుడు ఎర్ర ముల్లు సరిగ్గా ఆరున్నర చూపింది. చక్రం ఆస్ట్రేలియాకు రెండున్నర చూపింది. జర్మనీ సరి, ఆస్ట్రేలియా సరి. ప్రపంచమంతా సరి, ఒక్క మార్కాపురం తప్ప. మార్కాపురానికి మాత్రం చూసిన ప్రతిసారీ మనసులో అరగంట కలుపుకోవాలి. అట్లాసు తీసి చూస్తే నా చేతి మీద ఉన్నది మాల్దీవుల వేళ అని తేలింది. ఆ దీవుల్లో నాకు పని లేదు కానీ, పద్ధతి పని చేసింది.

అయిదు వారాలు ఒక్క తప్పు లేదు. జర్మనీ వారితో వారి ఉదయపు కాఫీ వేళకు మాట్లాడినాను. ఆస్ట్రేలియా వారి భోజనాన్ని ఒక్కసారీ చెడగొట్టలేదు. మా ఇంట్లో భోజనానికి మాత్రం రెండు మూడుసార్లు ఆలస్యమైనాను. "నువ్వు ఇప్పుడు ఏ దేశంలో ఉండావో చెప్తే అన్నం అక్కడికే పంపిస్తా" అన్నది మా ఇంటావిడ. ఇవి ఇంటి విషయాలు, పొరపాట్ల పుస్తకంలో వేయలేదు.

ఇక ఆగస్టు 1. జర్మనీకి పోవలసిన పెద్ద లోడు. మా దగ్గర కంటెయినరులోకి మొదటి పెట్టె ఎక్కే ముందు కొబ్బరికాయ కొడతాం. రాహుకాలంలో కొట్టం. పెద్ద యజమాని నాటి నుంచి ఒక్కసారి కూడా కొట్టలేదు. వేళ చెప్పేది నేను. లోడింగు జరిగేటప్పుడు ఎవరి చేతిలోనూ ఫోను ఉండరాదన్న నియమం కూడా నాదే. పలక జారితే పాదం పోతుంది, అందుకని అందరి ఫోన్లూ ఒక బకెట్టులో వేసి ఆఫీసులో పెడతాం. కనుక ఆ యార్డు మొత్తానికి ఉన్న వేళ నా మణికట్టు మీదదే.

శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలవుతుంది. లారీ ఆలస్యంగా వచ్చింది. అది గేటు దాటుతుండగా నా బల్ల మీద యార్డు ఫోను మోగింది. జర్మనీ ఆయన. ఎర్ర ముల్లు చూసినాను. ఏడు దాటింది. "శుభోదయం, కాఫీ అయిందా?" అన్నాను. ఆయన నవ్వినాడు. మీరు ఈమధ్య నా గడియారం కంటే బాగా వేళ చెబుతున్నారు అన్నాడు. నలభై ఏళ్ళలో ఒక కొనుగోలుదారు నన్ను మెచ్చుకోవడం అది రెండోసారి. ఫోను పెట్టేసి బయటికి వచ్చినాను. యజమాని కొబ్బరికాయ చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"పెద్దనాయనా, టైముందా?"

చేయి ఎత్తి చూసినాను. పదీ పది. "ఇంకా ఇరవై నిమిషాలుంది. తొందర లేదు" అన్నాను. యజమాని కర్పూరం కూడా నిదానంగా వెలిగించినాడు.

కాయ చక్కగా రెండు చెక్కలైంది. పెట్టెలు ఎక్కుతూ ఉన్నవి. చాలాసేపటికి మేస్త్రీ చేతులు కడుక్కొని వచ్చినాడు.

"జుమ్మాకు పోయొస్తా మామా."

"ఇంకా పన్నెండే కదా అల్లుడూ. ఆ వరుస ముగించి పో."

"పన్నెండేంది మామా? ఇప్పుడే ఆఫీసులో ఫోన్ చూసొచ్చినా, పన్నెండున్నర!"

"గడియారం అబద్ధం చెప్పదు."

అదే క్షణంలో మసీదు మైకులో అజాన్ మొదలైంది. ఆ మైకు నా గడియారాన్ని సంప్రదించదు. నేను కలపవలసిన అరగంటను అప్పుడు కలిపినాను. పదీ పదికి కాదు, పదీ నలభైకి నేను తొందర లేదన్నాను.

యజమాని కొబ్బరిచెక్క వైపు చూసినాడు. నా వైపు చూసినాడు. "మా నాయన ఉన్నప్పుడు ఒక్క లోడు రాహుకాలంలో కదల్లేదు పెద్దనాయనా" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

మేస్త్రీ నన్ను కాపాడబోయినాడు. "మా లెక్కలో శుక్రవారం కంటే మంచి రోజే లేదన్నా. ఈ లోడుకు ఏంగాదు."

"నువ్వు నమాజుకు పో" అన్నాడు యజమాని.

మధ్యాహ్నం అతడు వచ్చి నా బల్ల మీది ఫోను తీసుకొన్నాడు. నేను గడియారపు లోపాన్ని వివరించినాను: నాలుగో ముల్లు, మెట్లు, నిండు గంటలు, మాల్దీవులు. అతడు ఓపికగా విన్నాడు. అది కూడా నన్ను బాధించింది.

"అయితే తప్పు వాచీదే అంటావు?"

"అవును నాయనా."

"ఆ మాటే అమ్మినోళ్ళతో కాగితం మీద రాయించుకొని రా. దసరా లోపల తెస్తే ఫోను పీట మీద నీ వరుసలో పెడతా. లేకుంటే..."

ఆ మాటను రాసి ఇమ్మన్నాను. పెట్టెల మీద అంటించే చీటీ వెనుక రాసి, సంతకం చేసి, నవ్వుతూ ఇచ్చినాడు. అతడు హాస్యానికి అన్నాడని మా ఇంటావిడ అంటుంది. కావచ్చు. కానీ సంతకం ఉంది.

సెప్టెంబరు రెండో వారంలో జర్మనీ నుంచి మెయిలు వచ్చింది. లోడు చేరింది, ఇంత తక్కువ పలకలు పగిలిన లోడు ఇంతకు ముందు చూడలేదు అని రాసినారు. నేను దానిని అచ్చు తీసి యజమాని ముందు పెట్టినాను. "అది దేవుడు కాపాడినాడు, నీ వాచీ కాదు" అన్నాడు. రాహుకాలం గురించి ఈ మెయిలుతో ఏం తేలుతుందో నేను రాయను. నాకు దసరా దాకా ఈ యార్డులో పని ఉంది.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. ఆగస్టు 1 నాటి పేజీలో, పై పట్టికలోకి ఎత్తని ఒక పంక్తి నా చేతిరాతలోనే ఉంది: "పొగడ్తకు పొంగి కలపడం మరిచినాను." దానిని కొట్టివేయలేదు. కొట్టివేస్తే మిగతా పేజీలన్నిటినీ ఎవరు నమ్ముతారు? చిన్న పుస్తకంలో కూడా దానిని ఎక్కించినాను. అయినా, కలపవలసిన అవసరమే లేని గడియారం చేసి ఉంటే మరిచేందుకు నాకు ఏమి ఉండేది?

కనుక ఆ గడియారాన్ని చేసినవారికీ, అమ్మినవారికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా:

ఒకటి, మీ గడియారంలో భారతదేశపు అరగంటకు చోటు కల్పించబడలేదన్న సంగతి నిజమా కాదా తెలుపవలెను. రెండు, నిజమైతే ఆ సంగతి పదమూడవ పంక్తిలో కాక బొమ్మ కింద ఎందుకు రాయలేదో తెలుపవలెను. మూడు, ఆగస్టు 1న జరిగిన తప్పులో సగం మీది అని ఒప్పుకొనవలెను. మొత్తం మీదేనని నేను కోరడం లేదు. మిగిలిన సగం నాదని ఇప్పటికే రాసి ఉంచినాను. యజమానికి ఆ సగమైనా సరిపోతుందో లేదో నేను మాట్లాడుకుంటాను.

జవాబు దసరాకు ముందుగా, కాగితం మీద, తేదీతో, ఒక మనిషి సంతకంతో నాకు చేరవలెను. నక్షత్రాలు, నవ్వే మొహాలు జవాబుగా స్వీకరించబడవు. గిద్దలూరుకు పంపవద్దు. యార్డు ఫోనుకు కాల్ చేసి చెబుతామని కూడా అనుకోవద్దు, ప్రస్తుతం దానిని ఎత్తేది నేను కాదు.